పాత హ్యాచ్‌బ్యాక్‌కి వెడల్పు చక్రాలు: ఎక్కడా ఒరుసుకోకుండా ఎంతవరకు వెళ్లొచ్చు?

పాతబండి (1)

అందరికీ నమస్కారం. నాది 1988 హ్యాచ్‌బ్యాక్. ముందు స్ట్రట్లు (స్ప్రింగూ షాక్ అబ్జార్బరూ కలిసిన కాళ్లు), వెనక ఒకటే ఇరుసు, దాన్ని పక్కలకి జరగకుండా పట్టుకునే పానార్డ్ రాడ్. కంపెనీ ఇచ్చిన చక్రాలు 13 అంగుళాలు, 5జె (5 అంగుళాల) వెడల్పు, ఆఫ్‌సెట్ ఈటీ45, టైర్లు 175/70 ఆర్13 (175 మి.మీ. వెడల్పు, పక్క గోడ ఎత్తు అందులో 70 శాతం, 13 అంగుళాల రిమ్ము). పవర్ స్టీరింగు లేదు. పెయింటు చాలావరకు ఫ్యాక్టరీదే, దాన్ని అలాగే కాపాడుకుంటూ వస్తున్నాను.

ఇప్పుడు 15×7జె, ఈటీ25, 4×100 (100 మి.మీ. వృత్తం మీద నాలుగు నట్లు) అల్లాయ్ సెట్టు ఒకటి అమ్మకానికి ఉంది. చూడగానే మనసు పడింది. 195/50 ఆర్15 టైర్లు వేస్తే మొత్తం ఎత్తు పాతదానితో సరిపోతుందని లెక్క వేసుకున్నాను. పడతాయా, ఫెండర్‌కి ఒరుసుకుంటాయా? డబ్బు కట్టకముందే అడుగుతున్నాను.

మిల్లీమీటరు (2)

కట్టకముందే అడిగారు, సంతోషం. ఎత్తు లెక్క మీరు సరిగ్గానే వేశారు. 175/70 ఆర్13 వ్యాసం 575.2 మి.మీ., 195/50 ఆర్15 వ్యాసం 576. స్పీడోమీటరుకి తేడా కూడా తెలియదు. కానీ ఒరుసుకునేది ఎత్తు వల్ల తక్కువ, పక్కల వల్ల ఎక్కువ. అక్కడ మీ లెక్క ఇంకా మొదలే కాలేదు.

ఈటీ అంటే రిమ్ము సరిగ్గా నడిమధ్య గీత నుంచి, చక్రం బిగించే భాగమైన హబ్‌కి ఆనే ముఖం వరకు ఉన్న దూరం. అది తగ్గేకొద్దీ చక్రం బయటికి వస్తుంది. రిమ్ము వరకే చూస్తే, 5జె అంటే 127 మి.మీ., సగం 63.5. అందులోంచి 45 తీసేస్తే హబ్ ముఖం నుంచి బయటి అంచు 18.5 దూరంలో ఉంది. 7జె అంటే 177.8, సగం 88.9. అందులోంచి 25 తీస్తే 63.9. అంటే రిమ్ము అంచు ఇప్పుడున్న చోటు నుంచి 45 మి.మీ. బయటికి వస్తుంది.

ఇంతటితో భయపడక్కర్లేదు, ఎందుకంటే ఫెండర్‌కి తగిలేది రిమ్ము కాదు, టైరు పొట్ట. చాలామంది రిమ్ము లెక్క చూసి ఆగిపోతారు. 175/70 ఆర్13 టైరు 5జె మీద 177 మి.మీ. వెడల్పు ఉంటుంది. 195/50 ఆర్15 కి 6జె మీద 201. రిమ్ము అర అంగుళం పెరిగితే పొట్ట సుమారు 5 మి.మీ. పెరుగుతుంది, కాబట్టి 7జె మీద దాదాపు 211. ఇప్పుడు టైరు బయటి పొట్ట 88.5 లోంచి 45 తీస్తే 43.5 దగ్గర ఉంది. కొత్తది 105.5 లోంచి 25 తీస్తే 80.5. అంటే 37 మి.మీ. బయటికి. లోపలివైపు మాత్రం 3 మి.మీ. ఖాళీ పెరుగుతుంది.

ముప్పై ఏడు మి.మీ. మీ ఫెండర్ కింద ఉందా? కొలిచి చెప్పండి.

గ్రీజుచేతులు (3)

ఇంత లెక్క ఎందుకండీ. వెనక ఫెండర్ అంచు లోపలికి మడత ఉంటుంది కదా, దాన్ని రోలరుతో పైకి మడిచేస్తే పది మి.మీ. దాకా వస్తుంది. ఎన్నో బండ్లకి చేశాను. ఆ 7జె ఈటీ25 మాత్రం వద్దు, ఎంత మడిచినా బయటికి పొడుచుకొస్తుంది. 15×6.5జె ఈటీ38 దొరికితే చూడండి, అంచు మడవండి, నిక్షేపంగా తిరుగుతుంది.

రెండోగేరు (4)

అన్నా, ఈటీ45 చక్రానికి స్పేసర్ (చక్రం వెనక పెట్టే బిళ్ల) వేసుకుంటే కూడా ఇదే కదా? 7జె ఈటీ45 కొని కావలసినంత స్పేసర్ పెట్టుకోవచ్చుగా?

మిల్లీమీటరు (5)

రెండోగేరు గారూ, లెక్క ప్రకారం అంతే. 7 మి.మీ. స్పేసర్ వేస్తే ఈటీ45 కాస్తా ఈటీ38 లాగే కూర్చుంటుంది. కానీ నట్టు పట్టే మర అంతమేర తగ్గుతుంది. స్టడ్ ఎంత లావుందో కనీసం అంత లోతు మర పట్టాలన్నది నేను పాటించే నియమం. ఎం12×1.5 స్టడ్ అయితే ఎనిమిది చుట్లు, ఎం12×1.25 అయితే పది చుట్లకి దగ్గరగా. నట్టు చేత్తో బిగిస్తూ చుట్లు లెక్కపెట్టండి. తక్కువొస్తే పొడవాటి స్టడ్లు వేయాల్సిందే, ఇందులో సర్దుబాటు లేదు. పలుచటి స్పేసర్ వేస్తే ఇంకో చిక్కు ఉంది. హబ్ మధ్యనున్న గుండ్రటి పెదవిని అది మింగేస్తుంది, చక్రం కేంద్రంలో కూర్చోదు, వేగం అందుకోగానే స్టీరింగు వణుకుతుంది.

పాతబండి (6)

నిన్న సాయంత్రమంతా కొలిచాను. మడత లోపలి కొస నుంచి దారానికి నట్టు కట్టి వేలాడదీశాను, టైరు పొట్ట ఎక్కువగా ఉన్న చోటు వరకు స్కేలుతో చూశాను. బండి సమతలం మీద ఉంది, టైర్లలో గాలి సరిగ్గా ఉంది.

వెనక కుడి 27 మి.మీ. వెనక ఎడమ 19 మి.మీ.

మూడుసార్లు కొలిచినా అదే. ముందు రెండు వైపులా 30 దాటి ఉంది, తేడా రెండు మి.మీ. లోపే. ముందు లోపలివైపు టైరుకీ స్ట్రట్ స్ప్రింగు పళ్లేనికీ మధ్య 14 ఉంది.

వెనక ఎనిమిది మి.మీ. తేడా ఎందుకుంటుంది? బండి ఎప్పుడైనా గుద్దుకుందేమోనని భయంగా ఉంది.

మిల్లీమీటరు (7)

7జె ఈటీ25 కథ ఇక్కడితో అయిపోయింది. 37 బయటికి రావాలి, ఉన్నది 19.

గ్రీజుచేతులు గారు చెప్పిన 15×6.5జె ఈటీ38 మీద 195/50 వేస్తే పొట్ట 206, బయటికి 21.5 వస్తుంది. కుడివైపు 5.5 మిగులుతుంది, ఎడమవైపు మడతకన్నా 2.5 బయటికి పోతుంది. కాబట్టి ఈ కారుకి ఏ చక్రం పడుతుందో తేల్చేది వెనక ఎడమ మూల ఒక్కటే.

ఎనిమిది తేడా అంటే ఇరుసు నాలుగు మి.మీ. ఎడమకి జరిగి ఉన్నట్టు. ఎనిమిది కాదు, గమనించండి. ఇరుసు నాలుగు జరిగితే ఒకవైపు నాలుగు తగ్గుతుంది, రెండోవైపు నాలుగు పెరుగుతుంది. పాత బండ్లలో బాడీ జోడించినప్పటి తేడాలు రెండు మూడు మి.మీ. ఉండటం నేను చూశాను, ఎనిమిది మాత్రం ఎక్కువ. పానార్డ్ రాడ్ చూడండి. దాని బాడీ కొస ఎటువైపు ఉంది?

పాతబండి (8)

బాడీ కొస ఎడమవైపు, ఇరుసు కొస కుడివైపు.

గ్రీజుచేతులు (9)

అయితే కిందికి దూరి ఆ రాడ్‌ని ఒకసారి పక్కనుంచి చూడండి. వెనక బండి ఎత్తడానికి జాకీ నేరుగా ఆ రాడ్ కింద పెట్టేవాళ్లని చూశాను. తిన్నగా ఉండాల్సింది విల్లులా వంగుతుంది. వంగిన రాడ్ పొట్టిదవుతుంది, ఇరుసుని బాడీ కొస వైపు లాగుతుంది. మీ విషయంలో అది ఎడమే.

పాతబండి (10)

గ్రీజుచేతులు గారూ, మీ మాట అక్షరాలా నిజం. రాడ్ పొడవునా దారం లాగి చూశాను. రాడ్ పొడవు 900 మి.మీ., మధ్యలో 42 మి.మీ. వంగి ఉంది. కింద జాకీ తల నొక్కిన గుర్తు కూడా ఉంది. రెండు కొసల్లో బుష్ రబ్బరు చీలిపోయింది. ఇన్నేళ్లుగా ఇలాగే నడుపుతున్నానంటే బాధేసింది.

మిల్లీమీటరు (11)

మీ అంకెలు వేసి చూశాను. 450, 450 చొప్పున రెండు ముక్కలనుకుని మధ్య 42 వంగితే కొసల మధ్య దూరం 3.9 మి.మీ. తగ్గుతుంది. ఇరుసు నాలుగు జరిగిందన్న మన అంచనాకి ఇది అచ్చంగా సరిపోయింది. బండి గుద్దుకోలేదు, నిశ్చింతగా ఉండండి.

రాడ్ సరి చేయించడం కన్నా కొత్తది వేయండి. కొత్త రాడ్, కొత్త బుష్‌లు వేశాక మళ్లీ కొలవండి. అప్పటిదాకా చక్రాల మాట పక్కన పెడదాం.

తుప్పుశత్రువు (12)

ఈలోగా ఫెండర్ అంచు మడవడం గురించి ఒక మాట చెప్పాలి, ఎందుకంటే పెయింటు ఫ్యాక్టరీదే అన్నారు.

వెనక ఫెండర్ అంచు ఒకే రేకు కాదు. బయటి రేకూ లోపలి రేకూ అక్కడ కలుస్తాయి, ఆ మడతలోనే చుక్కల వెల్డింగు, మధ్యలో సీలెంటు. ముప్పై ఏళ్లు దాటిన సీలెంటు ఎండి గట్టిపడి ఉంటుంది. మడిస్తే అది పగులుతుంది. పైనుంచి చూస్తే పెయింటు బాగానే కనిపిస్తుంది, లోపల మాత్రం తడి దూరే దారి తెరుచుకుంటుంది. రెండు వానాకాలాలు గడిచాక అంచు వెంట బుడగలు వస్తాయి. ఆ బుడగలు గోకి, కుళ్లిన రేకు కోసి కొత్త ముక్కలు అతికించడం నేను చేసే పనే, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

మడవక తప్పదనుకుంటే ముందు అయస్కాంతం పట్టుకుని అంచంతా తిప్పండి. పట్టు వదిలిన చోట కింద పుట్టీ ఉన్నట్టు. పుట్టీ ఉన్న అంచు మడతకి లొంగదు, పెచ్చులు ఊడుతుంది. రేకు మంచిదైతే హీట్ గన్‌తో వేడి చేస్తూ, అరచెయ్యి ఆనిస్తే ఓర్చుకోలేనంత వేడిలో, ఒక్కసారే కాకుండా కొంచెం కొంచెంగా నాలుగైదు విడతల్లో మడవాలి. అయ్యాక లోపలివైపు ప్రైమరు, సీమ్ సీలరు, పైన మైనం తప్పనిసరి. అంచుని గ్రైండరుతో కోసేయడం మాత్రం ఎప్పుడూ చేయకండి. ఆ రెండు రేకుల్నీ పట్టి ఉంచే అతుకు అదే.

గ్రీజుచేతులు (13)

సీలెంటు సంగతి ఒప్పుకుంటాను. నేను మడిచిన వాటిలో లోపల సీలరు కొట్టనివి కొన్ని ఉన్నాయి. అవి తర్వాత ఎలా అయ్యాయో చూడలేదు. ఇకమీదట కొట్టకుండా పంపను.

వానచినుకు (14)

అసలు ప్రశ్న ఎవరూ అడగలేదు. పవర్ స్టీరింగు లేని తేలికైన బండికి ఎంత వెడల్పు కావాలి? టైరు వెడల్పయ్యేకొద్దీ నిలబడిన చోట స్టీరింగు తిప్పడం బరువెక్కుతుంది. నీళ్లు నిలిచిన రోడ్డు మీద వెడల్పు టైరు తక్కువ వేగానికే తేలడం మొదలెడుతుంది, బండి తేలికదైతే ఇంకా ముందే. రోడ్డు మీద గాడి ఎటుంటే అటు లాగుతుంది. 185 కి మించి వెళ్లొద్దని నా మనవి.

మిల్లీమీటరు (15)

వానచినుకు గారి మాటకి ఇంకొకటి కలుపుతాను. ముందు చక్రం బయటికి జరిగితే స్టీరింగు తిరిగే ఇరుసు గీత నేలని తాకే చోటుకీ టైరు మధ్యకీ ఉన్న దూరం మారుతుంది. దాన్ని స్క్రబ్ రేడియస్ అంటారు. 1972లో వచ్చిన ఆడి 80 లో ఆ గీత టైరు మధ్యకన్నా బయట తాకేలా పెట్టారు. బ్రేకులు ఒకవైపే పట్టినా బండి దానంతటదే సరిదిద్దుకునే వైపు స్టీరింగు లాగాలన్నది ఉద్దేశం. ఆ తర్వాతి ముందు చక్రాల డ్రైవు బండ్లు చాలావాటిలో ఇదే పద్ధతి. ఈటీ 20 తగ్గించామంటే ఆ ఏర్పాటుని మన చేతులతో తీసేసినట్టే. ఏడెనిమిది మి.మీ. తగ్గితే తట్టుకుంటుంది. అంతకు మించి నేనైతే వెళ్లను.

పాతబండి (16)

పది రోజుల తర్వాత వస్తున్నాను. కొత్త రాడ్, కొత్త బుష్‌లు పడ్డాయి. రాడ్ బోల్టులు బండి చక్రాల మీద నిలబడి ఉండగానే బిగించాం. మళ్లీ కొలిచాను: కుడి 23, ఎడమ 23.

స్టీరింగు తిన్నగా పట్టుకుంటే బండి తిన్నగా పోతోంది. ఇంతకాలం కొద్దిగా తిప్పి పట్టుకునేవాణ్ని, రోడ్డు వాలు వల్ల అనుకునేవాణ్ని.

అయస్కాంతం కూడా తిప్పాను. ఎడమ వెనక అంచు మీద బెత్తెడు మేర పట్టు లేదు, పుట్టీ ఉంది. కాబట్టి అంచు మడవను. మడవకుండా ఏది పడుతుందో అదే.

మిల్లీమీటరు (17)

అయితే మిగిలింది ఇది. 15×6.5జె ఈటీ38 కి 21.5 కావాలి, మీకున్నది 23. ఒకటిన్నర మి.మీ. మిగులుతుంది, అది నడిచే బండికి చాలదు. పానార్డ్ రాడ్ నిట్టనిలువుగా కాకుండా వృత్తంలో ఊగుతుంది కదా. 900 పొడవు రాడ్ అడ్డంగా ఉన్నప్పటి నుంచి 80 మి.మీ. పైకి లేస్తే ఇరుసు 3.6 మి.మీ. బాడీ కొస వైపు జరుగుతుంది. మీకు మళ్లీ ఎడమే. దానికి బుష్‌లు నలగడం తోడు.

14×6జె ఈటీ38 మీద 185/60 ఆర్14 చూడండి. వ్యాసం 577.6, పాతదానికన్నా 2.4 మాత్రమే ఎక్కువ. ఈ టైరుకి 5 నుంచి 6.5జె వరకు రిమ్ము అనుమతి ఉంది, కాబట్టి లాగి కూర్చోబెట్టినట్టు ఉండదు. 6జె మీద పొట్ట 194. బయటికి 15.5 వస్తుంది, 7.5 మిగులుతుంది. లోపలికి 1.5 వస్తుంది, మీ 14 కాస్తా 12.5 అవుతుంది. లోడ్ ఇండెక్స్ 82 ఉన్నది తీసుకోండి, అంటే టైరుకి 475 కిలోలు. కంపెనీ అంకె పుస్తకంలో సరిచూసుకోండి, దానికన్నా తక్కువది మాత్రం వద్దు.

ఒకే సైజు రాసి ఉన్నా ఒక్కో కంపెనీ టైరు భుజం ఒక్కోలా ఉంటుంది. గుండ్రటి భుజం ఉన్నది ఎంచుకుంటే అంచు దగ్గర ఒకటి రెండు మి.మీ. కలిసొస్తాయి.

రెండోగేరు (18)

అన్నా, ముందు చక్రాల క్యాంబర్ (చక్రం పక్కకి వాలే కోణం) లోపలికి వంచితే ఇంకా చోటు రాదా?

గ్రీజుచేతులు (19)

వస్తుంది తమ్ముడూ, కానీ ఎక్కడ వంచుతున్నావో చూసుకో. స్ట్రట్ పై మౌంటు జరిపితే స్ట్రటూ చక్రమూ కలిసే వంగుతాయి, రెండిటి మధ్య ఖాళీ మారదు. అదే స్ట్రట్ కింద నకిల్ (హబ్ ని మోసే ముక్క) బోల్టు దగ్గర వంచితే చక్రం పైభాగం స్ట్రట్ మీదికే వస్తుంది. బయట సంపాదించింది లోపల పోతుంది. టైరు లోపలి అంచు అరగడం అదనం.

పాతబండి (20)

14×6జె ఈటీ38 సెట్టు వాడినది దొరికింది. రిమ్ములు బ్యాలెన్సింగ్ మిషను మీద తిప్పించి చూశాకే తీసుకున్నాను, వంకర లేదు. మధ్య రంధ్రం 60.1, నా హబ్ 54.1. ఆ ఖాళీ నింపే సరైన రింగులు వేశాను. వాటితో వచ్చిన టైర్ల మీద వారం, సంవత్సరం చెప్పే నాలుగంకెలు చూస్తే చాలా పాతవని తేలింది, తీసేసి కొత్తవి వేయించాను.

నడపకముందు ఇంకేం చూడాలి?

మిల్లీమీటరు (21)

వెనక స్ప్రింగులు తీసేయండి, బంప్ స్టాపులు (ఇరుసు మరీ పైకి రాకుండా ఆపే రబ్బరు ముక్కలు) ఉంచండి. ఇరుసుని జాకీతో స్టాపు నలిగేదాకా మెల్లగా లేపండి. బండి కింద స్టాండ్లు ఉండాలి, జాకీని నమ్మి కిందికి దూరొద్దు. మొదట రెండు వైపులా కలిపి, తర్వాత ఒక్కో వైపే లేపండి. ఒకవైపే లేస్తే చక్రం తల లోపలికి వాలుతుంది. బయట ఖాళీ పెరిగి లోపల తగ్గుతుంది, ఆ తగ్గిన చోటే ఎవరూ చూడరు. కంటితో అందని చోట పిల్లలు ఆడుకునే మెత్తటి మట్టి ముద్ద అంటించండి. అది ఎంత పలచబడిందో అంతే మీ ఖాళీ.

ముందు కూడా అలాగే, కానీ ప్రతి ఎత్తులోనూ స్టీరింగు ఆ చివరి నుంచి ఈ చివరికి తిప్పాలి. నేల మీద నిలబెట్టి తిప్పి చూసి బాగుందనుకుంటే, వంపులో గుంత పడినప్పుడు తెలుస్తుంది.

పాతబండి (22)

చేశాను. వెనక పూర్తిగా లేపితే ఎడమ 4 మి.మీ., కుడి 11. మీరు కాగితం మీద చెప్పిందే రేకు మీద కనిపించింది. ముందు స్ట్రట్ దగ్గర 12 మిగిలింది.

అయితే నడిపితే ముందు కుడివైపు, రివర్సులో పూర్తిగా తిప్పినప్పుడు మాత్రం గర్రుమని చప్పుడు. వెనక ఏ చప్పుడూ లేదు.

తుప్పుశత్రువు (23)

ఫెండర్ లోపలి ప్లాస్టిక్ తొడుగు చూడండి. కాగితం టేపు దాని మీద అక్కడక్కడా అతికించి ఒకసారి రివర్సు తిప్పండి. ఎక్కడ చిరిగిందో అదే చోటు. పాత బండ్లలో తొడుగు పట్టే క్లిప్పులు విరిగి అది లోపలికి జారుతుంది. సన్న టైరున్నప్పుడు తెలియదు.

పాతబండి (24)

అదే. బంపరు వెనక రెండు క్లిప్పులు లేవు, తొడుగు వేలెడు టైరు వైపు జారింది. కొత్త క్లిప్పులు వేశాను, చప్పుడు పోయింది. తర్వాత వెనక మడత మీద సుద్ద పూసి, నలుగురం ఎక్కి, సామాను నింపి ఎగుడుదిగుడు రోడ్డు మీద తిరిగొచ్చాం. సుద్ద చెక్కుచెదరలేదు.

స్టీరింగు పార్కింగులో కాస్త బరువెక్కింది, కదిలాక తేడా లేదు. వంపుల్లో బండి మునుపటికన్నా స్థిరంగా ఉంది. అందులో టైరు వాటా ఎంతో, కొత్త బుష్‌ల వాటా ఎంతో విడదీసి చెప్పలేను.

గ్రీజుచేతులు (25)

వంద కిలోమీటర్లు తిరిగాక నట్లు టార్క్ రెంచితో మళ్లీ చూడండి. అల్లాయ్ రిమ్ము కొత్తగా కూర్చున్నప్పుడు కొంచెం సర్దుకుంటుంది.

రెండోగేరు (26)

మరి స్టెప్నీ సంగతి? అది 13 అంగుళాలదేగా?

పాతబండి (27)

నట్లు చూశాను, రెండు కాస్త తిరిగాయి, మిగతావి గట్టిగానే ఉన్నాయి. స్టెప్నీ పాత 175/70 ఆర్13 నే ఉంచాను. వ్యాసంలో రెండున్నర మి.మీ. తేడా కాబట్టి పంక్చరు షాపు దాకా వెళ్లడానికి ఇబ్బంది లేదు. కానీ ఈ అల్లాయ్‌లకి వాషరుతో బల్లపరుపుగా ఆనే నట్లు కావాలి, ఇనుప రిమ్ముకి కోసుగా ఉండేవి. ఒకదానివి ఇంకోదానికి పనికిరావు. అందుకే పాత నట్లు నాలుగూ చిన్న సంచిలో కట్టి స్టెప్నీ మధ్యలోనే పెట్టాను.